దిద్దిన పాఠం గడప దాటాలంటే...

ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ ఫ్యాబ్రికేషన్ షెడ్డులో అడుగుపెట్టినా, డ్రాయింగు చేతికి రాగానే ఫోర్‌మన్ ముందు చూసేది కొలతలు కాదు, కింది మూలన ఉన్న రివిజన్ నంబరు. రివిజన్ 2 వచ్చాక రివిజన్ 1 చూసి ఇనుము కోస్తే ఏమవుతుందో మన పాఠకుల్లో చాలామందికి మేము చెప్పనక్కరలేదు. ఇనుము తుక్కు కిందికి పోతుంది, కోసినవాడికి చీవాట్లు పడతాయి. అందుకే పెద్ద కంపెనీల్లో డాక్యుమెంట్ కంట్రోలరు అనే ఉద్యోగి ఒకరుంటారు. కొత్త డ్రాయింగు రాగానే పాత కాపీలు వెనక్కు తీసుకుని, వాటి మీద 'సూపర్‌సీడెడ్' ముద్ర కొట్టి, కొత్తది ఎవరెవరికి ఇచ్చారో సంతకాలు తీసుకోవడం ఆయన పని. మన బడికి పిల్లలను తీసుకువచ్చే తల్లిదండ్రుల్లోనే ఈ పని చేసేవారున్నారు. ఇనుప దూలం కోసం ఇంత జాగ్రత్తపడే మనం, పిల్లల పాఠం విషయంలో అందులో పదోవంతైనా జాగ్రత్తపడుతున్నామా?

విదేశాల్లో నడిచే వారాంతపు తెలుగు బడుల్లో తంతు దాదాపు ఒకటే. ఒక ఉపాధ్యాయురాలు ఓపికగా పాఠం తయారుచేస్తారు. అది పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో వెళుతుంది. ఎవరో ఒక తప్పు పట్టుకుంటారు. దిద్దిన ప్రతి మళ్ళీ వెళుతుంది. నెల తిరిగేసరికి 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఫైనల్ లేటెస్ట్' అని మూడు ఫైళ్ళు తిరుగుతుంటాయి. ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరు పిల్లల్లో ఒకరి కాగితంలో 'బాధ' అనీ, రెండోవారి కాగితంలో 'భాద' అనీ ఉంటుంది. ఎవరిది ఒప్పు అని పిల్లవాడు అడిగితే టీచరుగారు చెబుతారు, అది పెద్ద కష్టం కాదు. కానీ అడిగే అవకాశమే లేనివారి సంగతేమిటి?

వారెవరో చెప్పాలి. మన బడి పాఠాలు బడికి వచ్చే పిల్లలే చదువుతారనుకుంటే పొరపాటు. సల్వా రోడ్డుకు ఆనుకుని ఉన్న ఆ అంకెల వీధుల్లో, క్యాంపు గదుల్లో ఉంటూ, కుటుంబాన్ని జగిత్యాలలోనో నిజామాబాదులోనో సిరిసిల్లలోనో వదిలివచ్చిన తండ్రులు వేలాదిమంది. ఊళ్ళో ఇంగ్లీషు మీడియంలో చదివే కూతురికి తెలుగు అక్షరం తప్పిపోతుందన్న బెంగ వారికీ ఉంటుంది. శుక్రవారం సెలవునాడు ఫోనులో పాఠం తెరిచి, అవతలి పక్క కూతురితో చదివించుకునే తండ్రికి మన పాఠమే పంతులు. అందులో తప్పుంటే అడిగి తెలుసుకోవడానికి ఆయనకు ఎవరూ ఉండరు. 2020 మార్చి 17న కరోనా కారణంగా ఇండస్ట్రియల్ ఏరియాలో 1వ వీధి నుంచి 32వ వీధి దాకా మూసివేసినప్పుడు ఇక్కడివారందరం చూశాం కదా, అటు మనిషీ వెళ్ళలేదు, కాగితమూ వెళ్ళలేదు. వెళ్ళగలిగింది ఫోనులోని అక్షరం ఒక్కటే.

కనుక మేము అనేదేమిటంటే, పాఠాలు ఒకేచోట ఉండాలి, దిద్దిన వెంటనే అందరికీ దిద్దినదే కనబడాలి, ఎవరు ఏది ఎప్పుడు మార్చారో లెక్క ఉండాలి. సాఫ్ట్‌వేరు రాసేవారు ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించుకున్నారు. వారి పరిష్కారాన్ని మనం అరువు తెచ్చుకుంటే సరిపోతుంది.

వారి పద్ధతి చెప్పుకోవడానికి తేలిక. ఫైళ్ళన్నీ ఒక రిపాజిటరీలో ఉంటాయి. అంటే ప్రతి మార్పునూ తేదీతో, మార్చినవారి పేరుతో గుర్తుపెట్టుకునే కొట్టు అనుకోండి. దాన్ని నడిపే గిట్ అనే సాధనాన్ని లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేశారు. అలాంటి కొట్లను ఇంటర్నెట్‌లో ఉంచే గిట్‌హబ్ 2008లో మొదలైంది; 2018లో దాన్ని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. రెండోవైపు వెబ్‌సైటును లోకానికి చూపించే హోస్టింగ్ సంస్థలున్నాయి. నెట్లిఫై, వెర్సెల్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ అనేవి అలాంటివే. గిట్‌హబ్‌కే సొంతంగా గిట్‌హబ్ పేజెస్ ఉంది. ఈ రెండింటినీ ఒకసారి ముడివేస్తే చాలు. కొట్టులో కొత్త మార్పు పడగానే 'కొత్తది వచ్చింది' అని హోస్టింగ్ వైపుకు కబురు వెళుతుంది. అది కొత్త ఫైళ్ళను తెచ్చుకుని, పేజీలు కట్టి, పాతవాటి స్థానంలో పెట్టేస్తుంది. మన పాఠాల వంటి చిన్న సైటుకు ఇదంతా జరగడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. పాతది వెనక్కు తీసుకోవడం, కొత్తది పంచడం, రిజిస్టరులో రాయడం... మన డాక్యుమెంట్ కంట్రోలరుగారి మూడు పనులూ అయిపోయినట్టే.

ముడివేయడంలోనూ బ్రహ్మవిద్య ఏమీ లేదు. హోస్టింగ్ సంస్థ సైటులో ఖాతా తెరిచి, గిట్‌హబ్‌లోని ఏ రిపాజిటరీని చదువుకోవచ్చో అనుమతి ఇవ్వాలి. ఇక్కడే ఒక జాగ్రత్త. 'అన్ని రిపాజిటరీలకూ' అనీ, 'ఎంచుకున్నవాటికి మాత్రమే' అనీ రెండు దారులు చూపిస్తుంది. తొందరలో మొదటిది నొక్కేవారే ఎక్కువ. పాఠాల రిపాజిటరీ ఒక్కదానికే అనుమతి ఇవ్వాలి. ఇంటి తాళాలన్నీ పాలవాడికి ఇవ్వం కదా! ఆ తర్వాత ఏ శాఖలో మార్పు పడితే సైటు మారాలో చెప్పాలి. మామూలుగా ఆ శాఖ పేరు 'మెయిన్'. పేజీలు కట్టడానికి ఏ ఆదేశం వాడాలో, కట్టిన పేజీలు ఏ ఫోల్డరులో ఉంటాయో రాస్తే పని పూర్తయినట్టే. మొదటిసారి ఒక సాయంత్రం పట్టవచ్చు, ఆ తర్వాత ఎవరూ దాని ముఖం చూడనక్కరలేదు.

మన తెలుగుకు సంబంధించిన చిక్కులు మాత్రం రెండు ఉన్నాయి. వీటి గురించి కొంచెం వివరంగా చెబుతాం.

మొదటిది, పాత పాఠాలు చాలావరకు పేజ్‌మేకరులో అను ఫాంట్లతో టైపు చేసినవి. తెరమీద తెలుగులా కనిపించినా, కంప్యూటరు దృష్టిలో అవి అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుంపు. అటువంటి ఫైలును రిపాజిటరీలో పెడితే ఎవరు ఏ అక్షరం మార్చారో చూపించే వీలుండదు; వెబ్ పేజీగా కట్టడమూ కుదరదు. కనుక యూనికోడ్‌లోకి మార్చక తప్పదు. మార్చే సాధనాలు ఉన్నాయిగానీ, మార్చాక మనిషి ఒకసారి చదివితీరాలి. ఒత్తులు, పొల్లులు అటూ ఇటూ అవుతుంటాయి.

రెండోది, గిట్ మార్పులను పంక్తుల లెక్కన చూస్తుంది. ఒక పేరా మొత్తాన్ని ఒకే పొడుగాటి పంక్తిగా టైపు చేస్తే, అందులో ఒక దీర్ఘం దిద్దినా పేరా అంతా మారినట్టు ఎర్రగా, పచ్చగా చూపిస్తుంది. వాక్యానికొక పంక్తి చొప్పున టైపు చేసుకుంటే దిద్దిన వాక్యం ఒక్కటే కనబడుతుంది. సైటులో అది మామూలు పేరాగానే వస్తుంది. ఈ చిన్న అలవాటు చేసుకుంటే కంప్యూటరు తెలియని టీచరుగారు కూడా 'ఇక్కడ ఇది మార్చారన్నమాట' అని చటుక్కున పట్టుకోగలరు.

ఇదంతా మనవాళ్ళకు కొత్తా అంటే కాదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, గిడుగు, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు నేడు గూగుల్ ఫాంట్స్‌లో అందరికీ ఉచితంగా దొరుకుతున్నాయి. వాటి ఫైళ్ళు ఇటువంటి రిపాజిటరీల్లోనే ఉన్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ప్రతి వ్యాసానికీ మార్పుల చరిత్ర ఉంటుంది, తప్పు మార్పును వెనక్కు తిప్పవచ్చు. మన పాఠాలకు కావలసింది దాదాపు అదే, ఒక్క తేడాతో. ఆ తేడా దగ్గరే మాలో మాకూ వాదన నడిచింది.

వికీపీడియాలో మామూలుగా దిద్దిన మరుక్షణం లోకానికి కనబడుతుంది. మన పాఠాలు అలా కనబడాలా?

కంప్యూటరు రంగంలో ఉన్న మిత్రులు కనబడాలనే అంటారు. మనిషి చేయి పడిన ప్రతిచోటా మరుపు ఉంటుందని వారి వాదన. అందుకు వారు చూపించే ఉదాహరణ గట్టిదే. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కొత్త ప్రోగ్రామును తన 8 సర్వర్లలో పెట్టవలసి ఉండగా, పని చేసిన మనిషి ఒక సర్వరును మరిచిపోయాడు. మిగిలిన ఆ ఒక్కదానిలో పాత ప్రోగ్రాము లేచి కూర్చుని సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చిపెట్టింది. పాత రివిజన్ డ్రాయింగు ఒక్కటి షెడ్డులో మిగిలిపోయినట్టే ఇది. యంత్రమే పంచి ఉంటే ఎనిమిదింటికీ ఒకేలా పంచేది.

ఒప్పుకుంటాం. అయితే యంత్రం తప్పును కూడా అంతే నిష్ఠగా పంచుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు దానంతటదే ప్రపంచమంతా పాకి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికుడికి చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో దేశమంతా తిరిగింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. చేరవేసే బండి వేగం పెరిగేకొద్దీ ఎక్కించే సరుకును చూసే కన్ను ఒకటి కావాలి.

మా అభిప్రాయం ఇది. నమూనా ప్రతి తయారవడం పూర్తిగా ఆటోమేటిక్‌గా ఉండాలి. ప్రచురణ మాత్రం ఒక తెలుగు టీచరు 'సరే' అన్నాకే జరగాలి. ఈ ఏర్పాటు పైన చెప్పిన నెట్లిఫై, వెర్సెల్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లలో సిద్ధంగా ఉంది. ఎవరైనా పాఠాన్ని దిద్ది, 'ఈ మార్పును మెయిన్‌లో కలపండి' అని అర్జీ పెడితే, ఆ మార్పుతో సైటు ఎలా ఉంటుందో చూపించే విడి చిరునామా ఒకటి దానంతటదే పుడుతుంది. టీచరుగారు తమ ఫోనులోనే ఆ లింకు తెరిచి, పిల్లవాడు చూసినట్టే పాఠాన్ని చూస్తారు. బాగుంటే ఒక మీట నొక్కుతారు. అప్పుడు అసలు సైటు మారుతుంది. టీచరుగారి ఆమోదం లేనిదే మెయిన్‌లో ఏదీ కలవకుండా గిట్‌హబ్‌లో నిబంధన పెట్టుకోవచ్చు. రిపాజిటరీ బహిరంగంగా ఉంటే ఈ సౌకర్యానికి డబ్బు కట్టనక్కరలేదు.

టీచరు కన్ను పడకముందే యంత్రం చూడగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటిని దానికే అప్పగించాలి. 'భాద' వంటి తరచు దొర్లే తప్పుల పట్టిక ఒకటి ఇస్తే, అటువంటి మాట కనబడగానే అర్జీని ఆపేస్తుంది. తెలుగు మాట మధ్యలో దూరిన ఇంగ్లీషు అక్షరాన్నీ, తెగిపోయిన లింకునూ పట్టుకుంటుంది. కానీ 'సాయంత్రం వేల' అని ఎవరైనా రాస్తే? 'వేల' అనే మాట ఉంది, 'వేళ' అనే మాటా ఉంది. 'కల'కూ 'కళ'కూ అంతే. ఏది ఎక్కడ ఉండాలో మాటల పట్టికకు తెలియదు, టీచరుగారికి తెలుసు. కృత్రిమ మేధ చూసిపెడుతుంది కదా అని ఈ మధ్య కొందరు అంటున్నారు. చూడనివ్వండి, మంచిదే. 'సరే' అనవలసింది మాత్రం పిల్లవాడికి జవాబు చెప్పుకోవలసిన మనిషే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇకమీద చెప్పేది ఒక్కటీ ఒక ఎత్తు. తాళం ఎవరి దగ్గర ఉండాలి?

గల్ఫులో మన బతుకు వీసాకు కట్టిన బతుకు. ప్రాజెక్టు ముగిస్తే ప్రయాణం. 2022 ప్రపంచ కప్పు పనులు అయిపోయాక ఎంతమంది మిత్రులను విమానం ఎక్కించామో మన పాఠకులకు తెలుసు. సంఘానికి వెబ్‌సైటు చేసిపెట్టిన ఉత్సాహవంతుడు కూడా ఒక రోజు వెళ్ళిపోతాడు. అప్పటికి రిపాజిటరీ అతని సొంత ఖాతాలో ఉంటుంది, హోస్టింగ్ అతని మెయిలుతో ఉంటుంది, డొమైను అతని కార్డుతో కట్టినది. మొదటి ఆరు నెలలు ఏమీ తెలియదు. ఏడాది తిరిగి డొమైను గడువు ముగిశాక సైటు మాయమవుతుంది. అతనికి ఫోను చేస్తే పాపం సాయం చేద్దామనే చూస్తాడు. కానీ రెండో అంచె భద్రత కోసం వచ్చే ఓటీపీ అతని పాత ఖతార్ నంబరుకు వెళుతుంది. దేశం విడిచాక ఆ సిమ్ము ఎక్కడిది? తాళంచెవి సముద్రంలో పడినట్టే. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు, ఏర్పాటులోని లోపం. గల్ఫులోని సంఘాలకు ఇదే పెద్ద గండం.

కాబట్టి ముడివేయడానికి ముందే కొన్ని తేల్చుకోవాలి. గిట్‌హబ్‌లో వ్యక్తి ఖాతా కాకుండా 'ఆర్గనైజేషన్' పేరుతో బడికి ఖాతా తెరవవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. దానికి కనీసం ముగ్గురు యజమానులు ఉండాలి. ముగ్గురూ ఒకే కంపెనీలో పనిచేసేవారు కాకూడదని మా సూచన. ఒకే ప్రాజెక్టుతో ముగ్గురూ వెళ్ళిపోవచ్చు! ఒకరు ఊళ్ళో స్థిరపడిన పాత టీచరైతే మరీ మంచిది. ఓటీపీ ఎస్సెమ్మెస్సుగా కాక ఆథెంటికేటర్ యాప్‌లో వచ్చేలా పెట్టుకోవాలి. ప్రతి యజమానీ తనకిచ్చే రికవరీ కోడ్లను అచ్చుతీసి, కవరులో అతికించి, బడి దస్తావేజుల ఫైలులో ఉంచాలి. డొమైను బడి మెయిలుతోనే ఉండాలి. ఎవరైనా ఫైనల్ ఎగ్జిట్ మీద వెళుతుంటే, వీడ్కోలు సభలో శాలువా కప్పేముందే వారి స్థానంలో కొత్త యజమానిని చేర్చాలి.

ఇంకొక మాట. బహిరంగ రిపాజిటరీలో ఉన్నది లోకమంతా చూస్తుంది. పిల్లల హాజరు పట్టీలు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, పాస్‌వర్డులు అందులో ఒక్క రోజు కూడా ఉండకూడదు. తర్వాత తీసేస్తాం అంటే కుదరదు. పాత ప్రతులన్నీ గుర్తుపెట్టుకోవడమే దాని ప్రతిభ అని పైన పొగిడాం కదా, అదే ఇక్కడ ప్రమాదం. ఫైలు తొలగించినా చరిత్రలో మిగిలే ఉంటుంది. పాస్‌వర్డు పొరపాటున పడితే చెరపడం కాదు, పాస్‌వర్డునే మార్చాలి.

'ఇంత చిన్న బడికి ఇంత ఆర్భాటమా?' అని పెద్దలు కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. నలుగురు టీచర్లు, ఒక కట్ట కాగితాలతో నడిచే బడికి ఇవేవీ అక్కరలేదు. అయితే క్యాంపు గదిలోని తండ్రి కూడా మన పాఠకుడే అనుకున్న రోజు లెక్క మారుతుంది. స్కానుచేసిన పీడీఎఫ్ ఇరవై ముప్ఫై ఎంబీలు ఉంటే, అదే పాఠం అక్షరాల పేజీగా కొన్ని పదుల కేబీలకు మించదు. నెలాఖరులో డేటా అయిపోవచ్చిన ఫోనులో కూడా తెరుచుకుంటుంది.

'ఉచితం అన్నది ఎన్నాళ్ళు?' అన్నది రెండో సందేహం. ఇదీ సబబే. ఒకప్పుడు మనవాళ్ళెందరో సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. హెరోకు తన ఉచిత సేవను 2022 నవంబరులో ఆపేసింది. రేపు ఇంకొకరు ఆపవచ్చు. కానీ జియోసిటీస్ మూతపడిన రోజు సొంత ప్రతి దాచుకోనివారు అన్నీ పోగొట్టుకున్నారు. గిట్‌లో అలా కాదు, రిపాజిటరీని దించుకున్న ప్రతివారి కంప్యూటరులోనూ చరిత్రతో సహా నకలు ఉంటుంది. హోస్టింగ్ సంస్థ మారితే ముడి విప్పి మరొకచోట వేసుకోవడమే. టీచర్లలో కనీసం ఇద్దరు నెలకొకసారి నకలు దించుకుంటే చాలు.

మూడో సందేహం టీచర్లదే: 'మాకు కోడు రాదు.' రానక్కరలేదు. గిట్‌హబ్ పేజీలో పెన్సిలు గుర్తు నొక్కి, తప్పు దిద్ది, ఏం దిద్దారో ఒక వాక్యం తెలుగులోనే రాసి సేవ్ చేయవచ్చు. బొత్తాల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి నిజమే, నాలుగైదు మాటలే. వాటికి తెలుగులో వివరణ రాసి ఒక అరపేజీ కాగితం ఇస్తే సరి. అసలు కష్టం బొత్తాలది కాదు. తన పాఠాన్ని మరొకరు దిద్దితే నొచ్చుకోకుండా ఉండటం, దిద్దేవారు మర్యాదగా దిద్దడం, అక్కడే ఉంది కష్టం. 'గురువుగారూ, ఇక్కడ వేళ అని ఉండాలేమో చూడండి' అని రాయడానికీ, 'తప్పు' అని ఒక్క ముక్క రాసిపడేయడానికీ ఉన్న తేడా ఏ యంత్రమూ నేర్పదు.

రెండో తరగతి కథల పాఠాలు ఇప్పటికే యూనికోడ్‌లో ఉన్నాయి, కాబట్టి వాటితో మొదలుపెట్టవచ్చు. గుణింతాలు, ఒత్తుల పాఠాలు ఇంకా అను ఫాంట్లలోనే ఉన్నాయి. మార్చాక చదివిపెట్టే కళ్ళు కావాలి, కంప్యూటరు తెలియకపోయినా ఫరవాలేదు. ఇండస్ట్రియల్ ఏరియా కంపెనీల్లో డాక్యుమెంట్ కంట్రోలర్లుగా ఉన్న తండ్రులు ఒకరిద్దరు ముందుకు వస్తే మార్పుల అర్జీలు చూసే పని వారికి అప్పగించాలని మా కోరిక. రివిజన్ నంబరు విలువ వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. తాళాలు ఉంచుకునే ముగ్గురి పేర్లు మాత్రం వచ్చే సర్వసభ్య సమావేశంలోనే తేలాలి, ఆ తర్వాతే మొదటి ముడి.